రాడార్‌లో ఎర్రగా ఉన్నా వాన ఎందుకు పడదు? పచ్చగా ఉన్నా ఎందుకు ముంచెత్తుతుంది?

అడిగిన ప్రశ్న ఇదీ: "మా ఊరు సంగారెడ్డి. ఈసీఈ మూడో సంవత్సరం, కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటున్నా. మొన్న వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ రాడార్ బొమ్మ చూస్తే మా ఊరి మీద ఎర్రగా ఉంది. అమ్మకు ఫోన్ చేసి మిద్దె మీద మిరపకాయలు తీసెయ్యమన్నా, చినుకు కూడా పడలేదు. అదే వారం కూకట్‌పల్లి మీద మామూలు పచ్చరంగే ఉంది, రోడ్డు మీద మాత్రం మోకాళ్ల లోతు నీళ్లు. ఆ రాడార్ సరిగ్గా పనిచేస్తోందా? కొత్త అడ్వాన్స్‌డ్ రాడార్లు వస్తే ఇది మారుతుందా?"

రాడార్ బాగానే పనిచేస్తోందండీ. మీరు చూసిన రెండు బొమ్మల్లోనూ తప్పు లేదు. రాడార్ ఉన్న బేగంపేటకు సంగారెడ్డి దాదాపు 45 కిలోమీటర్లు, కూకట్‌పల్లి 8, 9 కిలోమీటర్లు, ఆ తేడాలోనే మీ జవాబు సగం ఉంది. మిగతా సగం అసలు రాడార్ ఏం కొలుస్తుందన్న దాంట్లో ఉంది. చాలా ఏళ్లుగా రాడార్ డేటాతోనే నా పని, మీలా బొమ్మ చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా.

మొదట గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది: రాడార్ మీ మిద్దె మీద పడే వానను కొలవదు. గాల్లో ఎక్కడో ఎత్తున ఉన్న చినుకుల నుంచి, వడగళ్ల నుంచి, మంచు పలుకుల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని బలాన్ని కొలుస్తుంది. దాన్నుంచి నేల మీద ఎంత వాన పడుతోందో లెక్కగట్టేది మనం, ఆ లెక్కలో బోలెడు ఊహలున్నాయి.

బేగంపేటలో ఉన్నది ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడార్, అంటే తరంగదైర్ఘ్యం దాదాపు 10 సెంటీమీటర్లు. బయటికి కనిపించే ఆ తెల్ల గుండ్రటి గుమ్మటం లోపల డిష్ ఉంటుంది. 10 సెంటీమీటర్ల తరంగాన్ని ఒక డిగ్రీ వెడల్పు కిరణంగా సన్నగా పంపాలంటే డిష్ 8.5 మీటర్ల వెడల్పు ఉండాలి, అందుకే ఎస్-బ్యాండ్ రాడార్ అంటే ఒక కట్టడమే. ఈ తరగతి రాడార్లు పంపే పల్స్ మైక్రోసెకను లెక్కన ఉంటుంది, ఆ క్షణంలో పవర్ 750 కిలోవాట్ల దాకా ఉంటుంది కానీ పల్స్‌కీ పల్స్‌కీ మధ్య ఎక్కువ సమయం మౌనంగా వినడమే కాబట్టి సగటున ఒక కిలోవాట్ లోపే (రాడార్ పక్కన ఇల్లు ఉంటే ప్రమాదమా అని అడిగేవాళ్ల కోసం ఈ ముక్క). డిష్ నేలకు 0.5 డిగ్రీల కోణంలో ఒక చుట్టు తిరుగుతుంది, కొంచెం పైకెత్తి ఇంకో చుట్టు, మళ్లీ పైకి, ఇలా 20 డిగ్రీల దగ్గర దాకా వెళ్లి ఆగుతుంది. ఈ మొత్తానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. బొమ్మ వెబ్‌సైట్‌కి ఎక్కేసరికి ఇంకొంత ఆలస్యం. మీరు చూస్తున్నది ఎప్పుడూ కాస్త పాత ఆకాశమే.

ఇప్పుడు సంగారెడ్డి సంగతి. మీరు చూసింది బహుశా మ్యాక్స్-జెడ్ బొమ్మ, వెబ్‌సైట్‌లో అందరూ ముందు తెరిచేది అదే. దాంట్లో ఒక్కో చోట కనిపించే రంగు ఆ చోటికి నిట్టనిలువుగా పైన, కింది నుంచి మేఘం తలదాకా ఎక్కడ ప్రతిధ్వని అన్నిటికంటే బలంగా ఉంటే అది. అంటే ఆ ఎరుపు నేలకు 7 కిలోమీటర్ల పైన ఉండొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మనకొచ్చే క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాల్లో మొదటి పెద్ద చినుకులు, వడగళ్లు తయారయ్యేది అక్కడే, ఇంకా కింద పడటం మొదలే కాకపోవచ్చు. ఆ బొమ్మకు పైనా, కుడిపక్కనా రెండు సన్నటి పట్టీలుంటాయి చూడండి, చాలామంది వాటిని పట్టించుకోరు. అవి అదే మేఘాన్ని పక్కనుంచి చూపించే బొమ్మలు, వాటి మీద ఎత్తు కిలోమీటర్లలో రాసి ఉంటుంది. ఎరుపు నేల దాకా దిగిందా, పైనే వేలాడుతోందా అన్నది అక్కడ తెలిసిపోతుంది. ఇంకో సులువైన దారి, పక్కనే ఉండే పీపీఐ-జెడ్ బొమ్మ తెరవడం. అది ఒకే కోణంలో తిప్పిన బొమ్మ, 0.5 డిగ్రీలదైతే సంగారెడ్డి దగ్గర కిరణం నేలకు అర కిలోమీటరు ఎత్తులోనే పోతుంది కాబట్టి వానకు దగ్గరి సాక్ష్యం. మ్యాక్స్-జెడ్‌లో ఎరుపు, పీపీఐలో ఏమీ లేదంటే, వాన ఇంకా పైనే ఉంది.

పైనున్నది దిగినా నేలకు చేరుతుందని లేదు. ఎండాకాలం మేఘం అడుగు మన దగ్గర చాలా ఎత్తులో ఉంటుంది, దాని కింద గాలి పొడిగా, వేడిగా ఉంటుంది, చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. దూరం నుంచి చూస్తే మేఘం కింద బూడిదరంగు తెరలు వేలాడుతూ నేలకు ఆనకుండానే మాయమవుతుంటాయి, వికారాబాద్ రోడ్డు మీద వెళ్లేవాళ్లు చాలాసార్లు చూసే ఉంటారు. అలా ఆవిరైనప్పుడు గాలి చల్లబడి, బరువెక్కి, దబ్బున కిందికి దిగుతుంది. వాన లేకుండా ఒట్టి ఈదురుగాలి వచ్చి హోర్డింగులు, చెట్లు పడేసి పోయే సాయంత్రాల వెనకున్న కథ ఇదే. కాబట్టి మీ అమ్మగారికి చినుకు పడకపోయినా గాలి మాత్రం వీచే ఉంటుంది, అడిగి చూడండి.

ఇంకో లెక్క కూడా ఉంది. 3 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పెద్ద చినుకు సెకనుకు 7, 8 మీటర్ల వేగంతో దిగుతుంది, నేలకు రావడానికి ఆరేడు నిమిషాలు. ఈలోగా అడ్డగాలి సెకనుకు 10 మీటర్లుంటే ఆ చినుకు 4 కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. మియాపూర్ మీద కనిపించిన వాన కూకట్‌పల్లిలో పడటానికి అంతే చాలు. ఫోన్‌లో మ్యాప్ జూమ్ చేసి మన వీధి మీద రంగు వెతకడంలో అర్థం లేదు, చుట్టూ ఐదు కిలోమీటర్లు కలిపి చూడాలి. అన్నట్టు బొమ్మ మీద ఉండే టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఇది తెలియక పొద్దుటి బొమ్మ అనుకుని మధ్యాహ్నం బొమ్మను పక్కన పడేసేవాళ్లు ఎందరో.

ఇక కూకట్‌పల్లి. ఇక్కడ విషయం తిరగబడుతుంది. డిష్ 20 డిగ్రీలకు మించి పైకి చూడదన్నా కదా, అంటే 8, 9 కిలోమీటర్ల దూరంలో అది చూడగలిగే గరిష్ఠ ఎత్తు 3 కిలోమీటర్లు. మేఘం తల మాత్రం 12, 15 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఆ మేఘంలో ముప్పాతిక వంతు రాడార్ కంట పడనే లేదు. 12 కిలోమీటర్ల ఎత్తున్న మేఘాన్ని నిలువునా చూడాలంటే అది కనీసం 33 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. అమీర్‌పేట, సికింద్రాబాద్, కూకట్‌పల్లి, ఉప్పల్ అన్నీ ఈ గుడ్డి మండలంలోనే ఉన్నాయి. దీపం కింద చీకటి అంటారే, అచ్చం అదే. పైగా దగ్గర్లో ఎత్తైన భవనాల నుంచి, గుట్టల నుంచి వచ్చే ప్రతిధ్వనులను తీసేయడానికి ఫిల్టర్లు పెడతారు, అవి ఒక్కోసారి అసలు వానను కూడా కొంత కోసేస్తాయి. సంగారెడ్డి మీద మ్యాక్స్-జెడ్ 15 కిలోమీటర్ల స్తంభంలో గరిష్ఠాన్ని ఏరి చూపిస్తే, కూకట్‌పల్లి మీద అదే బొమ్మ 3 కిలోమీటర్లలో ఉన్నదే చూపించింది. ఒకే బొమ్మ మీద రెండు ఊళ్లకు రెండు కొలమానాలన్నమాట.

పక్క రాడార్ ఆదుకుంటుందా అంటే, మచిలీపట్నం మనకు 300 కిలోమీటర్లకు పైనే. కిరణం తిన్నగా పోతుంటే భూమి కిందికి వంగిపోతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ కిరణం నేలకు ఎత్తవుతుంది. 0.5 డిగ్రీల కిరణం నల్గొండ దగ్గర సుమారు కిలోమీటరున్నర ఎత్తున, వరంగల్ దగ్గర రెండుంపావు కిలోమీటర్ల ఎత్తున, ఆదిలాబాద్ దగ్గర దాదాపు 6 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. ఆదిలాబాద్ వాళ్లు బేగంపేట బొమ్మలో ఏమీ లేదని ధీమాగా ఉండకూడదు, ముసురు వాన మొత్తం ఆ కిరణం కిందే కురిసిపోతుంది. ఒక ప్రాంతాన్ని రెండు మూడు రాడార్లు కలిపి చూడటం విలాసమేమీ కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు అక్కడి డాప్లర్ రాడారే దెబ్బతింది, అలాంటప్పుడు పక్క రాడార్ చూపు అక్కడిదాకా ఆనకపోతే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే.

రంగుల దగ్గరికి వద్దాం, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. రంగు పక్కన డీబీజెడ్ అని అంకెలుంటాయి, అది ప్రతిధ్వని బలానికి కొలత. చినుకు నుంచి వచ్చే ప్రతిధ్వని దాని వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. ఆరో ఘాతం అంటే ఏమిటో ఒకసారి లెక్కేసి చూడండి: 3 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, 1 మిల్లీమీటరు చినుకులు 729 కలిసి ఇచ్చినంత ప్రతిధ్వని ఇస్తుంది. కానీ దాంట్లో ఉన్న నీళ్లు 27 చినుకులవే. ఎక్కువ నీళ్లున్న చోటు కంటే పెద్ద చినుకులున్న చోటు రాడార్‌కి మెరుస్తుంది. అందుకే ప్రతిధ్వని నుంచి వానకు వెళ్లడానికి ఒకే సూత్రం అంటూ లేదు. ఎప్పటి నుంచో వాడుతున్న మార్షల్-పామర్ సూత్రం ప్రకారం 30 డీబీజెడ్ అంటే గంటకు 3 మిల్లీమీటర్ల లోపు, 40 అంటే 11, 12 మిల్లీమీటర్లు, 50 అంటే దాదాపు 50 మిల్లీమీటర్లు. వడగళ్లు తడిసి 60 డీబీజెడ్ చూపిస్తే ఇదే సూత్రం గంటకు 20 సెంటీమీటర్ల వాన అంటుంది, అది అబద్ధం, అక్కడున్నది మంచు.

దీనికి తిరగేసి ఇంకో ప్రమాదం ఉంది, హైదరాబాద్‌ను నిజంగా ముంచేది అదే. వాయుగుండాలు వచ్చినప్పుడు గాలి నిండా తేమ ఉంటుంది, చినుకులు మరీ పెద్దవి కావు, కానీ లెక్కలేనన్ని ఉంటాయి. అలాంటి ఉష్ణమండల వానకు వేరే సూత్రం వాడాలి. 45 డీబీజెడ్‌కి మార్షల్-పామర్ గంటకు 24 మిల్లీమీటర్లు చెబితే, ఉష్ణమండల సూత్రం 56 చెబుతుంది. రంగు అదే, వాన రెట్టింపు కన్నా ఎక్కువ. 2020 అక్టోబర్ 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా పడమరకు వెళ్లినప్పుడు బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు నమోదైంది. అలాంటి రోజుల్లో ముదురు ఎరుపు కోసం ఎదురుచూడకూడదు, పసుపు, నారింజ రంగులు ఒకే చోట గంటల తరబడి కదలకుండా ఉండటం చూసే భయపడాలి. రంగు కన్నా ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. ఇందుకే రాడార్‌ను ఎప్పుడూ నేల మీద వర్షమాపకాలతో సరిచూస్తారు. మన రాష్ట్రంలో టీజీడీపీఎస్ (తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా సంస్థ) వాళ్లకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లున్నాయి, ఇది మామూలు ఆస్తి కాదు. రాడార్ బొమ్మ ఒక ట్యాబ్‌లో, ఆ స్టేషన్ల అంకెలు ఇంకో ట్యాబ్‌లో పెట్టుకుని చూసేవాళ్లకు ఈ కాస్త తేడాలు ఒక్క సీజన్‌లో పట్టుబడతాయి.

గంట ముందు కచ్చితంగా ఎందుకు చెప్పలేరన్న దానికి కూడా ఇక్కడే జవాబుంది. ఒంటరి ఉరుముల మేఘం పుట్టి, ఎదిగి, కురిసి, చచ్చిపోయే దాకా మొత్తం ఆయుష్షు అరగంట నుంచి గంట. రాడార్‌కి అది కనిపించేది చినుకులు కాస్త లావయ్యాక, అంటే దాని జీవితంలో మూడో వంతు అప్పటికే అయిపోయింది. ఉన్న మేఘం ఎటు కదులుతుందో చెప్పడం తేలిక, ఇంకా పుట్టని మేఘం ఎక్కడ పుడుతుందో చెప్పడం చాలా కష్టం. వాతావరణ శాఖ వాళ్లు రాబోయే మూడు గంటల కోసం ఇచ్చే నౌకాస్ట్‌లో (తక్షణ అంచనాలో) వీధి పేర్లు కాకుండా జిల్లా పేర్లు ఉండటానికి కారణం అదే. వాళ్లను తిట్టేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

అలాగని పుట్టబోయే మేఘం గురించి ఆనవాళ్లే ఉండవని కాదు. డాప్లర్ అన్న మాటకు విలువ ఇక్కడే. చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది పీపీఐ-వి బొమ్మలో ఉంటుంది. ఇందాక చెప్పిన చల్లగాలి మేఘం కింద నుంచి నాలుగు దిక్కులా పరుచుకుంటుంది, దాని ముందు అంచు దుమ్మును, పురుగులను కలుపుకుని వెళ్తుంది, రాడార్ మీద అది జుట్టుపోచంత సన్నటి విల్లులా కనిపిస్తుంది. చేవెళ్ల వైపు నుంచి ఒక విల్లు, మేడ్చల్ వైపు నుంచి ఇంకో విల్లు వస్తున్నాయనుకోండి, అవి రెండూ ఢీకొనే చోట నేల దగ్గరి వేడి గాలి పైకి తన్నుకుపోయి, సాధారణంగా ఇరవై ముప్పై నిమిషాల్లో కొత్త మేఘం లేస్తుంది. విల్లు మేఘాన్ని వదిలేసి చాలా ముందుకు పరుగెత్తిందంటే మాత్రం ఆ పాత మేఘానికి కింద నుంచి వేడి గాలి అందదు, అది కాసేపట్లో చల్లారిపోతుంది. ఎర్రటి ముద్దను వదిలేసి ఆ సన్న గీతను వెతికేవాళ్లే అసలు రాడార్ చదవడం వచ్చినవాళ్లు అని నా అభిప్రాయం.

డాప్లర్‌కి ఒక కట్టుబాటు ఉంది, మీరు ఈసీఈ కాబట్టి చెబుతున్నా. పల్స్‌లు దగ్గర దగ్గరగా పంపితే పెద్ద వేగాలు కొలవచ్చు కానీ దూరం చూడలేం, దూరదూరంగా పంపితే దీనికి రివర్స్. ఈ రెండు హద్దుల గుణకారం తరంగదైర్ఘ్యం మీదే ఆధారపడుతుంది. 10 సెంటీమీటర్లకు సెకనుకు వెయ్యి పల్స్‌లు పంపితే 150 కిలోమీటర్ల దూరం, సెకనుకు 25 మీటర్ల వేగం, అంటే గంటకు 90 కిలోమీటర్లు. తుపాను గాలి అంతకంటే ఎక్కువైతే అంకె చుట్టు తిరిగి వ్యతిరేక దిక్కు చూపిస్తుంది, దాన్ని రెండు రకాల పల్స్ రేట్లు కలిపి విప్పుతారు. 3 సెంటీమీటర్ల ఎక్స్-బ్యాండ్‌కి వెళ్తే అదే దూరానికి వేగం హద్దు 7.5 మీటర్లకు పడిపోతుంది.

ఇక మీ రెండో ప్రశ్న, అడ్వాన్స్‌డ్ రాడార్లతో ఏం మారుతుంది?

అన్నిటికంటే ముందు డ్యూయల్ పోలరైజేషన్. వాన చినుకు బొమ్మల్లో గీసే కన్నీటిబొట్టు ఆకారంలో ఉండదు. చిన్నది గుండ్రంగా ఉంటుంది, 3, 4 మిల్లీమీటర్లు దాటేసరికి కింద గాలి నెట్టడం వల్ల అడుగు చదునై, పైన ఉబ్బి ఇడ్లీలా అవుతుంది. అడ్డంగా కంపించే తరంగం ఒకటి, నిలువుగా కంపించేది ఒకటి పంపితే, ఇడ్లీ ఆకారపు చినుకు నుంచి అడ్డం తరంగం ఎక్కువ బలంగా తిరిగొస్తుంది. వడగల్లు దొర్లుతూ పడుతుంది కాబట్టి రెండూ సమానంగా వస్తాయి. పక్షులు, పురుగులు, దుమ్ము అయితే ఆ రెంటికీ పొంతనే ఉండదు. అంటే 60 డీబీజెడ్ చూసి అది రాయా నీళ్లా అని తేల్చుకోవచ్చు. ఇంకో గొప్ప సౌకర్యం, చినుకుల గుండా పోయేటప్పుడు అడ్డం తరంగం నిలువు తరంగం కంటే కాస్త వెనకబడుతుంది, ఆ ఫేజ్ తేడా నుంచి వాన లెక్కగడితే ఆరో ఘాతం బాధ చాలావరకు తప్పుతుంది. అమెరికా వాళ్లు 2013 నాటికి తమ దేశపు రాడార్ నెట్‌వర్క్ మొత్తాన్ని ఇలా మార్చేశారు.

రెండోది చిన్న ఎక్స్-బ్యాండ్ రాడార్లు. డిష్ చిన్నది, భవనం పైన కూడా పెట్టొచ్చు, చూసేది 50, 60 కిలోమీటర్లే. వీటి లోపం, భారీ వాన అడ్డొస్తే తరంగం దాంట్లోనే ఇంకిపోయి, వెనకున్న మేఘం కనిపించదు. అందుకే ఒకటి పెట్టి ఊరుకోకూడదు, ఎదురెదురుగా పెట్టాలి. హైదరాబాద్ విషయంలో నా మాట సూటిగా చెబుతా: బేగంపేట రాడార్‌ను ఇలాగే 20 డిగ్రీల దాకానే చూసే ఇంకెంత ఖరీదైన దానితో మార్చినా నగరం మీది గుడ్డి మండలం పోదు, అది జ్యామితి సమస్య, డబ్బు సమస్య కాదు. శామీర్‌పేట, పటాన్‌చెరు, శంషాబాద్, ఘట్‌కేసర్ వైపుల నాలుగు చిన్న రాడార్లు పెట్టి లోపలికి చూపు తిప్పితే నగరం మొత్తం కింది నుంచి మేఘం తలదాకా కనిపిస్తుంది. అమెరికాలో డాలస్-ఫోర్ట్ వర్త్ మీద 2012 నుంచి ఇలాంటి ఎక్స్-బ్యాండ్ నెట్‌వర్క్ నడుస్తోంది. ముంబైలో కొలాబా ఎస్-బ్యాండ్‌కి తోడుగా 2022లో వెరావలిలో సి-బ్యాండ్ (తరంగదైర్ఘ్యం ఎస్‌కీ ఎక్స్‌కీ మధ్యన ఉండేది) రాడార్ ప్రారంభించారు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం 2,000 కోట్లతో మిషన్ మౌసం ఆమోదించింది, కొత్త రాడార్లు దాంట్లో ముఖ్యమైన భాగం. మన నగరం కోసం గట్టిగా అడగాల్సిన సమయం ఇదే.

మూడోది ఫేజ్డ్ అరే. డిష్ తిరగదు, వందల చిన్న యాంటెన్నాలకు పంపే సిగ్నల్ ఫేజ్‌లు మార్చి కిరణాన్ని తిప్పుతారు. 2012లో జపాన్‌లోని ఒసాకాలో పెట్టిన ఎక్స్-బ్యాండ్ ఫేజ్డ్ అరే రాడార్ ఆకాశం మొత్తాన్ని 30 సెకన్ల లోపే చూసేస్తుంది. పది నిమిషాలకు ఒక బొమ్మకీ, అర నిమిషానికి ఒక బొమ్మకీ తేడా ఏమిటంటే, మొదటి చినుకుల ముద్ద ఎత్తున పుట్టడం, లావవడం, జారడం వరుసగా కనిపిస్తాయి. నేలకు చేరేలోపు పది నిమిషాల హెచ్చరిక దొరుకుతుంది. అండర్‌పాస్‌లు మూసేయడానికి ఆ పది నిమిషాలు సరిపోతాయి.

ఈ ఫేజ్డ్ అరే మనకు కొత్తదేమీ కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ (వాతావరణంలోని మూడు పొరలను, అంటే మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్‌లను చూసేది) 1990ల నుంచే అలా పనిచేస్తోంది. అక్కడ డిష్ ఉండదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 32 వరుసలు, వరుసకు 32 చొప్పున 1024 యాగీ యాంటెన్నా జతలు, పాత దూరదర్శన్ యాంటెన్నాల తోటలో నడుస్తున్నట్టుంటుంది. 53 మెగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. ఇంత పొడవు తరంగం మేఘాన్ని వెతకదు, మేఘమే లేని ఖాళీ గాలిని చూస్తుంది. గాల్లో ఎప్పుడూ సుడులుంటాయి, వాటి వల్ల తేమ, ఉష్ణోగ్రత అక్కడక్కడా కొంచెం హెచ్చుతగ్గులవుతాయి, ఆ హెచ్చుతగ్గుల్లో సగం తరంగదైర్ఘ్యం సైజువి, అంటే 2.8 మీటర్లవి, ప్రతిధ్వని ఇస్తాయి. ఆ సుడులు గాలితోపాటు కొట్టుకుపోతాయి కాబట్టి డాప్లర్‌తో గాలి వేగం దొరుకుతుంది, అదీ 20 కిలోమీటర్ల ఎత్తు దాకా. పగటిపూట 60 కిలోమీటర్ల పైన మీసోస్ఫియర్ నుంచి కూడా ప్రతిధ్వనులొస్తాయి. గాలి నిట్టనిలువుగా పైకి లేస్తోందా, దిగుతోందా అన్నది, సెకనుకు కొన్ని సెంటీమీటర్లున్నా, నేరుగా కొలవగలిగే పరికరాలు ప్రపంచంలోనే తక్కువ.

దీని విలువ చెప్పడానికి ఒక్క ఉదాహరణ. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో ఒక గాలి నది పారుతుంది. వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు 1958లో టెల్లస్ అనే శాస్త్ర పత్రికలో దాని గురించి రాశారు, ఆ తర్వాత ఆయన వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ కూడా అయ్యారు. ఆ రోజుల్లో ఆధారం గాలిని కొలవడానికి ఎగరేసే బెలూన్లే, రోజుకు రెండుసార్లు ఎగరేస్తే రెండు చూపులు. గాదంకి రాడార్ సరిగ్గా ఆ ప్రవాహం కిందే ఉంది, నిమిషాల వ్యవధిలో అది బలపడటం, తగ్గడం, దాని అంచుల్లో సుడులు లేవడం చూడగలదు. మీ కూకట్‌పల్లి వానకూ దీనికీ సంబంధం ఏమిటంటే, మేఘం పుట్టకముందు గాలి ఎలా ఉందో తెలిస్తేనే మేఘం ఎక్కడ లేస్తుందో చెప్పగలం. వాన రాడార్ చూడలేని ఆ ముందు దశను చూసేది, ఏ ఎత్తులో గాలి ఎంతుందో కొలిచే ఇలాంటి విండ్ ప్రొఫైలర్లే. వీటిలో చిన్నవి, కింది కొన్ని కిలోమీటర్లను మాత్రమే చూసేవి, పార్కింగ్ స్థలమంత జాగాలో పట్టేస్తాయి. నగరానికి ఒకటైనా ఉండాలి.

దొంగ ప్రతిధ్వనుల గురించి క్లుప్తంగా. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళ ఒక సన్నటి గీత రాడార్ నుంచి బొమ్మ అంచుదాకా కనిపిస్తే అది సూర్యుడే, డిష్ సరైన దిక్కు చూస్తోందో లేదో సరిచూసుకోవడానికి ఇంజనీర్లు దాన్నే వాడతారు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటే కిరణం కిందికి వంగి గుట్టలను తాకుతుంది, ఆకాశం నిర్మలంగా ఉన్నా మచ్చలు వస్తాయి. ఆ మచ్చలు కదలవు, వాన కదులుతుంది, అంతే తేడా.

మీరు నేర్చుకోవాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి. ఈ వేసవిలో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా వరుస బొమ్మలు సేవ్ చేసి ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూడండి, ఒక్క బొమ్మ ఎప్పుడూ చూడకండి. పైథాన్ వచ్చు కదా, పై-ఆర్ట్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, అమెరికా రాడార్ల అసలు డేటా ఉచితంగా దొరుకుతుంది, దాంతో వేగాలు విప్పడం, వడగళ్లు గుర్తించడం మీరే చేయొచ్చు. ఈసీఈ వాళ్లకు సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఇంతకంటే మంచి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ నాకు తోచదు. హైదరాబాద్ నుంచి బెలూన్ పొద్దున, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఎగురుతుంది, దాని డేటా వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో 43128 నంబర్ కింద ఉంటుంది. పొద్దుటిది తెరిచి 3 కిలోమీటర్ల లోపు తేమ ఎంత ఉందో, 0 డిగ్రీల గీత (ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయే చోటు) ఎంత ఎత్తున ఉందో రాసుకోండి, సాయంత్రం రాడార్ బొమ్మతో పోల్చండి. ఒక రోజు డేటాతో ఎక్కడైనా ఆగిపోతే ఆ బొమ్మలు, టైమ్‌తో సహా పెట్టండి, కలిసి చూద్దాం.